ఇసుకపలక దేశాటనము



ఇసుకలో ఓనమాలు దిద్దిన దినములు మీలో ననేకులకు జ్ఞాపకముండును. నాకును గలవు. మా తాతగారు అరుగుమీద సన్నని యిసుక పరచి, నా చూపుడువ్రేలు తమ చేతబట్టి అకారము వ్రాయించిరి. వ్రేలు మండి నేను ఏడ్చితిని; ఆయన మాత్రము చేయి విడువలేదు. ఆ యిసుకకు వెల లేదు. తప్పిన యక్షరమును చెరపుటకు అరచేయి చాలును. ఇట్టి సామాన్యసాధనము ఒకానొక కాలమున సముద్రము దాటి ఇంగ్లండు దేశపు బడులను మార్చినదని నేను ఉపాధ్యాయుడనైన పిమ్మటగాని యెరుగను. ఆ వృత్తాంతమును, దానివలన నేను నేర్చిన పాఠమును నేడు మీకు మనవి చేసెదను.

స్కాట్లండు దేశమునందలి సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1753లో ఆండ్రూ బెల్ అనునాతడు జన్మించెను. మతాచార్యుడై 1787లో హిందూదేశమునకు వచ్చి, 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరునందలి బాలుర శరణాలయమునకు అధికారి యయ్యెను. ఇంగ్లీషు సైన్యమున కొలువుచేసినవారి బిడ్డలు, దిక్కులేనివారు, అచ్చట పెరుగుచుండిరి. వారికి అక్షరములు వచ్చుటకే చిరకాలము పట్టుచుండెను. బోధించువారు కొలదిమంది, వారికిని బోధనయందు ఆసక్తి తక్కువ.

ఒకనాటి యుదయమున బెల్ గుర్రమెక్కి పోవుచు ఒక వీథిబడిని చూచెను. పిల్లలు నేలపై కూర్చుండి, ఎదుట పరచిన యిసుకలో వ్రేళ్లతో వ్రాయుచుండిరి. ఆ దృశ్యము ఆతని మనస్సున నాటుకొనెను. వెంటనే మరలివచ్చి, అడుగుతరగతికి ఇసుకలోనే అక్షరములు నేర్పవలసినదని ఉపాధ్యాయునకు ఆజ్ఞాపించెను. ఆ యుపాధ్యాయునకు ఈ క్రొత్తపద్ధతి రుచింపలేదు, పని సాగలేదు.

ఇచ్చట బెల్ చేసిన యాలోచనను మీరు గమనింపవలెను. ఆతడు ఇసుకను పారబోయలేదు. ఉపాధ్యాయునితో కలహమునకును దిగలేదు. జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని, ఒక సామాన్య సిపాయి కుమారుని, పిలిచి చిన్నపిల్లలను వానికి అప్పగించెను. పెద్దవాడు కాదన్న పనిని ఆ బాలుడు నెరవేర్చెను. అది చూచి బెల్ తక్కిన తరగతులకును పెద్దపిల్లలనే బోధకులుగా నియమించెను. 1796లో స్వదేశమునకు మరలి, మరుసటియేట లండనులో తన ప్రయోగమును గూర్చి యొక చిన్నపుస్తకము ప్రకటించెను. అది మొదలు ఆ పద్ధతికి "మద్రాసు పద్ధతి" యను పేరు నిలిచినది.

1798లో లండను నగరపు సౌత్‌వార్కు భాగమున జోసెఫ్ లాంకాస్టర్ అను యువకుడు బీదపిల్లలకు బడి పెట్టెను. ఆతడును పిల్లలచేతనే పిల్లలకు చెప్పించెను. అందరికిని పుస్తకములు కొనుట అసాధ్యము గనుక పుటలను పెద్దయక్షరములతో అచ్చువేయించి గోడకు తగిలించి, ఒక్క పుస్తకముతో అనేకులను చదివించెను. చిన్నవారికి ఇసుకబల్ల, పెద్దవారికి రాతిపలక ఏర్పరచెను. ఒక్క గురువు క్రింద వందలకొలది బాలురు చదువు బడులు వెలసెను. 1811లో బెల్ పద్ధతిని వ్యాపింపజేయుటకు ఇంగ్లండులో నేషనల్ సొసైటీ స్థాపితమాయెను.

ఇంతవరకు విన్నచో మన బడికి గలిగిన గౌరవమునకు మనస్సు ఉప్పొంగును. నాకును అట్లే యుప్పొంగినది. కాని కథ ఇంతటితో ముగియలేదు.

వందలకొలది పిల్లలను ఒక్క గదిలో నడపవలసివచ్చినపుడు ఆ పద్ధతి సైన్యపు కవాతువలె నాయెను. సంజ్ఞ చేయగనే లేచుట, సంజ్ఞ చేయగనే పలక చూపుట. చెప్పు బాలునకు తెలిసినది స్వల్పము; వాడు చెప్పగలిగినది అంతకంటె స్వల్పము. అక్షరము వచ్చెను గాని అర్థము రాలేదు. కాలక్రమమున ఇంగ్లండులోనే దీనిపై అసంతృప్తి హెచ్చి, 1846లో ప్రభుత్వము వేరుమార్గము పట్టెను. కొంత వయసు వచ్చిన విద్యార్థులకు భృతి నిచ్చి, ప్రధానోపాధ్యాయునివద్ద కొన్నియేండ్లు శిక్షణ గరపి, వారిని బోధకులుగా తీర్చు ఏర్పాటది.

ఈ లోపము ఇంగ్లండులో మాత్రమే పుట్టినదా? కాదు. 1822లో చెన్నరాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయపాఠశాలల వివరములు పంపుడని కలెక్టర్లకు వ్రాసెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈతడే 1816లో ఇంగ్లీషున తెలుగువ్యాకరణము ప్రకటించినవాడు. మన భాష తెలిసినవాడు. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు చేరియుండెను.

ఆ జిల్లాలో 533 బడులు, వానిలో 226 తెలుగుబడులు, ఉన్నవని కాంబెల్ లెక్క. ముందుగా వచ్చిన బాలుని యరచేత సరస్వతీనామమును, రెండవవాని చేత సున్నను వ్రాయుదురని, ఆపై ఆలస్యమైనకొలది దెబ్బలు హెచ్చునని కూడ వ్రాసెను. "శ్రీ, చుక్క" లెరిగిన మీకు ఇది చదివి చెప్పనక్కరలేదు. స్వల్పవ్యయముతో వ్రాత నేర్పుటను, పెద్దవాడు చిన్నవానికి చెప్పుచు తన చదువును గట్టిపరచుకొనుటను ఆతడు ప్రశంసించెను. ఆ వెంటనే దోషమును గూడ చూపెను: పిల్లలు పద్యములు వల్లించెదరు గాని వాని భావమెరుగరు, పెక్కుచోట్ల గురువును ఎరుగడు.

పండితశిక్షణ పొందిన నాకు ఈ మాట ముల్లువలె గ్రుచ్చుకొన్నది. దానికంటెను గ్రుచ్చుకొన్నది మరియొక లెక్క. జిల్లాజనసంఖ్య 9,27,857, బడిపిల్లలు 6,641. అనగా వేయిమందికి ఏడుగురు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. ఇంగ్లండు వస్త్రములు వచ్చి నేతగాండ్ర జీవనము చెడుట మొదలగు కారణములచే ప్రజలు బీదలై బిడ్డలను చదివింపలేకున్నారని కాంబెల్ వ్రాసెను. అది సత్యమే. కాని బాలికలు అరుగెక్కకుండుటకు బీదతనమొక్కటే కారణమని మనము చెప్పజాలము. ఇసుక అందరిదే, అరుగు మాత్రము అందరిది గాకపోయెను.

ఇక నా మాట. నేను తెలుగుపండితుడనుగా పనిచేసిన యొక పల్లెబడికి, 2000వ సంవత్సరము దాటిన కొన్నియేండ్లకు, ఆరు కంప్యూటర్లు వచ్చెను. వానితోబాటు ఏ తరగతి ఏ గంటకు ఏమి నేర్వవలెనో తెలుపు అచ్చుకాగితమును వచ్చెను. ఆ కాగితము వ్రాసినవారు మా యూరి కరెంటును ఎరుగరు. పాఠము మొదలగుసరికి దీపములు పోవును. దీపములు వచ్చుసరికి గంట కొట్టుదురు. ఆ పని చూచు బాధ్యత నాపై బడినది.

నాకు తాతగారి యిసుక జ్ఞాపకమాయెను. కరెంటు లేనివేళ పిల్లలచేత అరుగుపై ఇసుక పరపించి, మీటల వరుసలను అందు గీయించి, ఏ వ్రేలు ఏ మీటపై నుండవలెనో అభ్యాసము చేయించితిని. కొంత తెలిసిన బాలురను ఆరుగురిని ఏరి, ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్కని నాయకునిగా నుంచితిని. పని చురుకుగా సాగుచున్నదని సంతసించితిని. బెల్ దొరవలె నేనును గెలిచితినని అనుకొంటిని.

రెండునెలలు గడచిన పిమ్మట ఒకనాడు ఎనిమిదవతరగతి బాలిక నొకతెను నీ పేరు కొట్టి చూపుమంటిని. ఆమె లేచి నిలువబడి తల వంచుకొనెను.

"నా వంతు రాలేదండి, మాస్టారూ" అనెను.

"ఎన్నాళ్లనుండి?"

"మొదటినుండీనండి."

నాయకుడైన బాలుడు చెడ్డవాడు కాడు. చెప్పుటకన్న చేసి చూపుట వానికి సులభము. చేసి చూపుచు చూపుచు మీటలను విడువలేదు. ఇసుకలో అందరికంటె చక్కగా వ్రాసిన యా పిల్ల యంత్రమును తాకనే లేదు. తప్పు వానిది కాదు, చూడని నాది. నాటిరాత్రి నాకు బళ్ళారి లెక్కయే కన్నుల గట్టినది.

మరునాడు ఏర్పాటు మార్చితిని. నాయకుడు చేతులు వెనుకకు కట్టుకొని నోటితోనే చెప్పవలెను, మీటలను తాకరాదు. ప్రతివారమును నాయకులు మారవలెను, వారిలో సగము బాలికలు. నేర్చినవాడు "ఇట్లేల చేయవలెను" అను ప్రశ్నకు తన మాటలలో ఉత్తరము చెప్పిననే గాని తరువాతి పాఠము లేదు. పని మందగించినది, అచ్చుకాగితము ప్రకారము మేము వెనుకబడితిమి. అందుకు నాకు చీవాట్లును తగిలెను. కాని నెల తిరుగకముందే ఆ బాలిక తన పేరును, తల్లిపేరును తెలుగక్షరములతో కొట్టి నాకు చూపెను.

పెద్దలారా, మీ యూరి బడికి ఎప్పుడేని క్రొత్తసాధనము రాక మానదు. దానికి పూలమాల వేసి, కొబ్బరికాయ కొట్టి రండు, వలదనను. కాని రెండునెలలు గడచిన పిమ్మట మరల నొకసారి పొండు. యంత్రము పనిచేయుచున్నదా యని యడుగకుడు. వెనుకవరుసలో కూర్చున్న బిడ్డను పిలిచి, "అమ్మా, నీ వంతు వచ్చినదా?" యని యడుగుడు. ఆ ప్రశ్న అడుగుటకు చదువు అక్కరలేదు, ఊరిపెద్దరికము చాలును.

సెలవు.