ఎనిమిది వందల మీటర్ల దూరం

క్రీడల చరిత్ర అనగానే మనకు రికార్డులు, పతకాల పట్టికలు గుర్తొస్తాయి. ఏ ఆటను పోటీల్లో చేర్చారు, ఎవరిని రానిచ్చారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేశారు అన్నది ఆ పట్టికల్లో కనపడదు. స్త్రీల ఎనిమిది వందల మీటర్ల పరుగు కథ ఒక్కటి తెలుసుకున్నా ఆ చరిత్ర చాలావరకు బయటపడుతుంది.

1896లో ఏథెన్స్‌లో ఆధునిక ఒలింపిక్స్ మొదలైనప్పుడు పోటీదారుల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. 1900లో పారిస్‌లో దాదాపు వెయ్యిమందిలో స్త్రీలు 22 మంది. వాళ్లలో ఎక్కువమంది టెన్నిస్, గోల్ఫ్ లాంటి కలవారి ఆటలు ఆడినవాళ్లే. ఒలింపిక్స్‌ను పునరుద్ధరించిన పియరీ ద కూబెర్తాన్, స్త్రీల పోటీలు ఆచరణలో కుదరవనీ, చూడ్డానికి బాగుండవనీ, మర్యాద కాదనీ 1912లో రాశాడు. ఆయన దృష్టిలో స్త్రీల వంతు గెలిచిన మగవాళ్లకు చప్పట్లు కొట్టడమే.

ఈ మాటలకు జవాబు చేతల్లో చెప్పిన మనిషి ఆలిస్ మిలియా. ఫ్రాన్స్‌కు చెందిన ఈమె స్వయంగా పడవ పందేల క్రీడాకారిణి. స్త్రీల పరుగుపందేలను ఒలింపిక్స్‌లో చేర్చమని అడిగితే కాదన్నారు. బతిమాలుతూ కూర్చోకుండా 1921లో స్త్రీల అంతర్జాతీయ క్రీడా సమాఖ్య పెట్టింది. 1922లో పారిస్‌లో స్త్రీల ఒలింపిక్స్ జరిపింది. ఒక్కరోజు పోటీలకు ఇరవై వేలమంది వచ్చారు. ఒలింపిక్స్ అనే పేరు వదులుకుంటే స్త్రీలకూ కొన్ని పందేలు ఇస్తామని బేరం పెట్టారు. ఫలితంగా 1928 ఆంస్టర్‌డామ్‌లో మగవాళ్లకు 22 అథ్లెటిక్ పోటీలుంటే స్త్రీలకు దక్కినవి ఐదు. ఈ ముష్టి మాకొద్దని బ్రిటిష్ క్రీడాకారిణులు బహిష్కరించారు.

ఆ ఐదింట్లో ఎనిమిది వందల మీటర్లు ఒకటి. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు, తొమ్మిదిమందీ పూర్తిచేశారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించింది. రెండో స్థానంలో వచ్చిన కినుయె హితోమి జపాన్‌కు ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి స్త్రీ. కానీ మర్నాటి పత్రికల్లో కనపడింది వేరు. పదకొండుమంది పరిగెత్తారనీ, ఐదుగురు మధ్యలోనే ఆగిపోయారనీ, స్త్రీలు కుప్పకూలిపోయారనీ రాశారు. లెక్క కూడా సరిగా వేయని ఆ రాతల్నే సాక్ష్యంగా తీసుకుని ఆ పందేన్ని తీసేశారు. 1908 లండన్ మారథాన్‌లో డొరాండో పియత్రి పదేపదే పడిపోతే చేయిపట్టి గీత దాటించారు. బహుమతి పోయినా రాణి చేతిమీదుగా వెండి కప్పు అందుకున్నాడు, వీరుడయ్యాడు. మగవాళ్ల మారథాన్‌ను ఎవరూ రద్దు చేయలేదు.

ఎనిమిది వందల మీటర్లు స్త్రీలకు మళ్లీ దక్కింది 1960 రోమ్‌లో. మధ్యలో ముప్ఫై రెండేళ్లు! నాలుగు వందల మీటర్ల హర్డిల్స్, మారథాన్ 1984 దాకా రాలేదు. పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకోవడం మనందరికీ గుర్తే. స్త్రీలకు ఆ పందెం ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారన్నది ఎందరికి గుర్తుంది?

మన కరణం మల్లీశ్వరి విషయం ఇంకా స్పష్టం. మగవాళ్లకు 1896లోనే ఉన్న వెయిట్ లిఫ్టింగ్ స్త్రీలకు 2000 సిడ్నీలో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన మల్లీశ్వరి అక్కడ 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. భారత స్త్రీకి అదే మొదటి ఒలింపిక్ పతకం. అయితే ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది 1994, 1995లలో, 54 కిలోల విభాగంలో. 1996 అట్లాంటాలో స్త్రీల వెయిట్ లిఫ్టింగే లేదు. తలుపు తెరిచేసరికి ఆమె 69 కిలోల విభాగంలో ఉంది. గెలిచిన కాంస్యాన్ని పండగ చేసుకున్నాం. అందకుండా పోయిన అవకాశాన్ని ఏ పట్టికా లెక్కించదు.

తలుపు తెరిచాక కాపలా మొదలైంది. 1966లో క్రీడాకారిణుల్ని వైద్యుల ముందు వివస్త్రలుగా నిలబెట్టారు. 1968 నుంచి క్రోమోజోమ్ పరీక్షలు. 1999లో ఒలింపిక్ కమిటీ అందరికీ పరీక్ష అనే పద్ధతి మానుకున్నా అనుమానం వచ్చినవాళ్లను వదల్లేదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో శాంతి సౌందరరాజన్ రజతం గెలిచింది, పరీక్ష పేరుతో దాన్ని లాక్కున్నారు. తమిళనాడులో ఇటుక బట్టీ కూలీల కూతురు ఆమె. ఏ పందెంలో? ఎనిమిది వందల మీటర్లలోనే. దక్షిణాఫ్రికా సెమెన్యాను ఆపిందీ ఈ పందెం దగ్గరే. 1928లో పడిపోయారన్న సాకుతో బలహీనులన్నారు. ఇప్పుడు గెలిచినవాళ్లను స్త్రీలేనా అంటున్నారు.

స్త్రీల విభాగానికి ఒక హద్దు ఉండాలన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ విభాగం కోసమే కదా మిలియా పోరాడింది. కానీ ఆ గీత ఎవరు గీస్తున్నారు, ఎవరి శరీరం మీద గీస్తున్నారు? ఒడిశా చేనేత కుటుంబపు అమ్మాయి ద్యుతీ చంద్ ఈ ప్రశ్న వేస్తే, 2015లో క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనల్ని నిలిపేసింది. 2025లో సెమెన్యాకు న్యాయమైన విచారణ దక్కలేదని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. అదే ఏడు ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ స్త్రీల విభాగంలో పోటీకి జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. మగవాళ్లకు ఏ పరీక్షా లేదు.

1981 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఒక్క స్త్రీ సభ్యురాలు లేదు. మొదటి అధ్యక్షురాలు కిర్స్టీ కొవెంట్రీ ఎన్నికైంది 2025లో. పారిస్ 2024లో స్త్రీలకూ పురుషులకూ సమానంగా స్థానాలు కేటాయించారు, సంతోషమే. అంకెలు సమానమయ్యాయి గనక పని అయిపోయిందనుకోలేం. నిబంధన రాసే గదిలో శాంతిలాంటి అమ్మాయి మాట వినిపించాలి, ఆమె వైద్య రహస్యం పత్రికలకు ఎక్కకుండా కాపాడాలి, పతకం తీసుకునే ముందు ఆమె వాదన వినాలి. మనం అడగవలసినవి ఇప్పటికి కనీసం ఇవి.