ఫ్లయిట్ సిమ్యులేటర్ ఆగి ఆగి నడుస్తోందా? గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఇవి చూడండి

మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ కంప్యూటర్లలోకి 2020 ఆగస్టు 18న వచ్చింది. తయారు చేసింది ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో. ఇందులో భూగోళం మొత్తం ఉంటుంది. మనం ఎగురుతున్న ప్రాంతం తాలూకు బింగ్ మ్యాప్స్ చిత్రాలను ఇంటర్నెట్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. అందుకే మామూలు గేములు చక్కగా ఆడించే కంప్యూటర్ కూడా దీని ముందు చతికిలపడుతుంది. అప్పుడు పిల్లలు అడిగేది ఒక్కటే, కొత్త గ్రాఫిక్స్ కార్డు. వేలకు వేలు పోసి తెచ్చినా ఒక్కోసారి తేడా కనిపించదు. కారణం, లోపం ఇంకోచోట ఉండటమే.

ముందు లోపం ఎక్కడో పట్టుకోవాలి

గేమ్ సెట్టింగుల్లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో ఎఫ్‌పీఎస్ చూపించే ఆప్షన్ ఎంచుకోండి. సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో, ఏ భాగం వెనకబడుతోందో ఆ చిన్న పెట్టెలో కనిపిస్తుంది. 'లిమిటెడ్ బై మెయిన్ థ్రెడ్' అని ఉంటే భారం ప్రాసెసర్ మీద ఉన్నట్టు. 'లిమిటెడ్ బై జీపీయూ' అని ఉంటే కార్డు మీద ఉన్నట్టు.

ప్రాసెసర్ మీద భారం ఉంటే 'టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్' తగ్గించండి. విమానాశ్రయంలో తిరిగే ఇతర విమానాలు, బండ్ల సంఖ్య కూడా తగ్గించండి. కార్డు మీద భారం ఉంటే 'రెండర్ స్కేలింగ్' 100 నుంచి 80కి దించి, మేఘాల నాణ్యతను ఒక మెట్టు తగ్గించండి.

ఒకేసారి పది మార్పులు చేయకండి. ఒకే విమానం, ఒకే విమానాశ్రయం, ఒకే వాతావరణం పెట్టుకుని ఒక్కో మార్పు చేసి చూస్తేనే దేనివల్ల లాభమో తెలుస్తుంది. న్యూయార్క్ లాంటి నగరం మీద వచ్చే ఫ్రేములను సముద్రం మీద వచ్చేవాటితో పోల్చి లాభం లేదు.

పైసా ఖర్చు లేని పనులు

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడాలి. బ్యాటరీ మీద వేగం తగ్గిపోతుంది. బ్రౌజర్, డౌన్‌లోడ్లు మూసేయండి. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. ఫ్యాన్లలో దుమ్ము దులపండి. లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడనివ్వకండి.

ఫ్రేములు 50కి ఎగిరి 22కి పడిపోతుంటే కళ్లకు ఇబ్బంది. 30 దగ్గర పరిమితి పెట్టండి. ఫైటర్ గేముల్లా కాదు, ఇక్కడ నిలకడగా వచ్చే 30 చాలు.

డబ్బు పెట్టక తప్పకపోతే

2020 గేముకు కంపెనీ చెప్పిన కనీస ర్యామ్ 8 జీబీ, సిఫారసు చేసింది 16 జీబీ. నెట్ వేగం కనీసం 5 ఎంబీపీఎస్, సిఫారసు 20. డిస్కులో 150 జీబీ ఖాళీ ఉండాలి. 2024 నవంబరు 19న వచ్చిన కొత్త గేముకైతే కనీస ర్యామే 16 జీబీ, సిఫారసు 32. మీ దగ్గర ఏ గేమ్ ఉందో చూసుకుని లెక్క వేసుకోండి.

8 జీబీ ముక్క ఒక్కటే ఉంటే అలాంటిదే రెండోది వేయించండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. పాత హార్డ్ డిస్క్ ఉంటే తర్వాత ఎస్‌ఎస్‌డీ. దానివల్ల గేమ్ తొందరగా తెరుచుకుంటుంది కానీ ఫ్రేములు పెద్దగా పెరగవు. కార్డు వంతు చివర్లో, అదీ ఆ పెట్టెలో జీపీయూ అని కనిపిస్తేనే. కొనేముందు పవర్ సప్లయ్ దాన్ని మోయగలదో లేదో షాపులో అడగండి. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా కార్డు మార్చడం కుదరదు. ఆ డబ్బు ర్యామ్‌కే పెట్టడం మేలు.

అదే కంప్యూటర్ మీద పిల్లల చదువు, ఆన్‌లైన్ ఫారాలు, ఇంటి లెక్కలు కూడా నడుస్తాయి కదా. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మీద పెట్టిన రూపాయి ఆ పనులన్నిటికీ అక్కరకొస్తుంది.