పొట్ట బిగువుకు ఏడు దినుసుల కషాయం

బన్‌షియా అనే చైనా దుంపది మన కంద కుటుంబమే. పచ్చిది నోట పెడితే నాలుక మండుతుంది, గొంతు దురద పెడుతుంది. మనం కందలో చింతపండు వేసి దురద విరిచినట్టు, వాళ్లు దాన్ని అల్లంతోనో పటికతోనో శుద్ధి చేసి గానీ మందులో వేయరు. పేరుకు అర్థం 'సగం వేసవి'. పొట్టలో బరువుకు, వికారానికి చైనాలో తరతరాలుగా తాగుతున్న ఒక కషాయానికి ఈ దుంప పేరే ముందు వస్తుంది: బన్‌షియా షియేషిన్ తాంగ్.

బన్‌షియాతో కలిపి అందులో మొత్తం ఏడు దినుసులు. శొంఠి, అతిమధురం, రేగుపళ్లు మనకు తెలిసినవే. జిన్‌సెంగ్ పేరు విన్నదే. మిగిలిన రెండూ చేదు వేళ్లు, హువాంగ్‌చిన్, హువాంగ్‌లియన్. ఒంటికి వేడి చేసేవాటినీ చలవ చేసేవాటినీ ఒకే కుండలో వేయడమే దీని ప్రత్యేకత. పది కొలతల నీళ్లు పోసి ఆరు మిగిలేదాకా కాచాలి. వడకట్టి పిప్పి పారేసి, మళ్లీ పొయ్యెక్కించి మూడుకు దించాలి. రోజుకు మూడుసార్లు, ఒక్కో కొలత, గోరువెచ్చగా తాగాలి.

ఈ లెక్కంతా రాసిపెట్టినవాడు జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు. హాన్ రాజవంశం కూలిపోతున్న కాలం, అంటే క్రీ.శ. 200 ప్రాంతం. తన వంశంలో రెండు వందల మందికి పైగా ఉండేవారనీ, పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండొంతుల మంది పోయారనీ, వాళ్లలో పదికి ఏడుగురిని జ్వరాలే తీసుకుపోయాయనీ తన పుస్తకం ముందుమాటలో చెప్పుకున్నాడు. అయినవాళ్లను అంతమందిని పోగొట్టుకున్నవాడు రాసిన పుస్తకం కాబట్టే కాబోలు, అందులో సిద్ధాంతాల కంటే ఏ లక్షణానికి ఏ మందు, ఎంత, ఎలా అన్న వివరమే ఎక్కువ. యుద్ధాల్లో ఆ గ్రంథం చెల్లాచెదురైంది. జ్వరాల భాగాన్ని తర్వాతి శతాబ్దంలో వాంగ్ షూహే అనే వైద్యుడు కూర్చాడు. ఇంకో భాగం సోంగ్ రాజుల గ్రంథాలయంలో పురుగులు తినేసిన ప్రతుల మధ్య దొరికింది. జ్వరాల భాగాన్ని 1065లో ప్రభుత్వమే పరిష్కరించి అచ్చు వేయించింది.

ఈ కషాయం చరిత్రలో నన్ను పట్టి నిలిపేది అది ఎవరికి ఇమ్మన్నారన్న సంగతి. గుండె దిగువన అడ్డుపడినట్టు, నిండిపోయినట్టు ఉంటుంది గానీ నొప్పి ఉండదు. ఆ స్థితికి చైనా వైద్యులు పెట్టిన పేరు 'పి'. దానికి తోడు పైన వాంతి, కింద పేగుల్లో గుడగుడ. ఈ మూడూ ఉంటే ఇదే మందు. పొట్ట పైభాగం బాధనూ పేగుల బాధనూ జాంగ్ వేరు చేయలేదు.

ఆధునిక వైద్యం వేరు చేసింది, దానికి తగిన కారణమూ ఉంది. కొందరికి ఎండోస్కోపీలో పుండు కనిపించదు, రక్తపరీక్షలో తేడా ఉండదు, మనిషి మాత్రం తినలేడు, నిద్రపోలేడు. చైనాలో ఒక సామెత ఉంది: మూగవాడు హువాంగ్‌లియన్ తిన్నట్టు అని. చేదు గొంతు దిగుతున్నా చెప్పుకోలేడు. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చిన రోగి పరిస్థితి సరిగ్గా అదే. ఇలాంటివాళ్ల బాధకు ఒక పేరు ఉండాలనీ, ఏ దేశంలోనైనా ఒకే కొలతతో గుర్తించగలగాలనీ నిపుణులు రోమ్ ప్రమాణాలను రూపొందించారు. 2016లో వచ్చిన నాలుగో కూర్పు వీటిని పేగుకూ మెదడుకూ మధ్య పొందిక తప్పిన జబ్బులంది. భోజనం తర్వాత బరువు ఉంటే ఫంక్షనల్ డిస్పెప్సియా, నొప్పితో విరేచనాల తీరు మారితే ఐబీఎస్. కానీ మనిషి శరీరం ఆ గీతల్లో ఇమడదు. దేశదేశాల్లో జరిగిన పెద్ద సర్వేలో, ఇలాంటి జబ్బు ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి జీర్ణమార్గంలో ఒకటికి మించిన చోట్ల బాధ ఉన్నట్టు తేలింది. మన ఇళ్లలో అన్నిటినీ కలిపి 'గ్యాస్' అనేస్తాం. ఆ మాటలో శాస్త్రం లేకపోవచ్చు, అనుభవం మాత్రం ఉంది.

మరి ఈ పాత కషాయాలు పనిచేస్తాయా? పద్దెనిమిది వందల ఏళ్లుగా తాగుతున్నారన్నది దానికి జవాబు కాదు. పరీక్ష పెట్టాల్సిందే. అలా పెట్టినవాటిలో ముందు చెప్పుకోవలసింది 1998లో వెలువడిన సిడ్నీ పరిశోధన. అలన్ బెన్సూసాన్ బృందం ఐబీఎస్ ఉన్న 116 మందిని మూడు జట్లుగా విడదీసింది. ఒక జట్టులో ఒక్కొక్కరి నాడి, నాలుక చూసి వారికి తగ్గ మూలికలు కలిపారు. రెండో జట్టులో అందరికీ ఒకటే మిశ్రమం. మూడో జట్టుకు ఉత్తుత్తి మందు. అందరికీ ఒకేలాంటి క్యాప్సూళ్లే, పదహారు వారాలు. ఒకే మిశ్రమం తిన్నవారిలో 76 శాతం, విడివిడిగా కలిపిన మందు తిన్నవారిలో 64 శాతం నయంగా ఉందన్నారు. ఉత్తుత్తి మందు మింగినవారిలోనూ 33 శాతం అదే మాట అన్నారు. చికిత్స ఆపిన పద్నాలుగు వారాలకు చూస్తే, ఎవరికి వారికి కలిపిన మందు తిన్న జట్టులోనే ఆ మేలు నిలిచింది.

2006లో హాంకాంగ్ వైద్యులు విరేచనాల ఐబీఎస్ ఉన్న 119 మందికి పదకొండు మూలికల సారం ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు కంటే మెరుగేమీ కనబడలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు వాళ్లకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. అదే నగరంలో, జాంగ్ పుస్తకంలోనిదే అయిన మాజిరెన్ వాన్ అనే మలబద్ధకం మందును 120 మంది మీద పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. మందు తిన్నవారిలో 43.3 శాతానికి, ఉత్తుత్తి మందు తిన్నవారిలో 8.3 శాతానికి గుణం కనిపించింది. చైనా మందులన్నీ పనిచేస్తాయనీ, ఏదీ పనిచేయదనీ గంపగుత్తగా తేల్చడం కుదరదు. ఒక్కో యోగాన్నీ విడిగా పట్టి చూడాలి.

పట్టి చూడటం మాత్రం తేలిక కాదు. మోతాదు సంగతే తీసుకోండి. హాన్ కాలపు ఒక 'లియాంగ్' అంటే పద్నాలుగు, పదిహేను గ్రాములని కొందరి లెక్క. పదహారో శతాబ్దంలో లీ షిజెన్ అనే వైద్యుడు పాతకాలపు లియాంగ్‌కు తమ కాలపు ఒక 'చియన్', అంటే సుమారు 3.7 గ్రాములు, చాలన్నాడు. ఒకే కషాయం నాలుగు రెట్ల తేడాతో చేతికొస్తే దేన్ని పరీక్షించినట్టు? ఇక మూలిక అదేనా అన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గించే మందులో ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక కలిసి, వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చెట్టు మందే కదా అన్న ధీమా పనికిరాదు. అతిమధురం కూడా అతిగా వాడితే పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది.

ఉత్తుత్తి మందు తయారుచేయడం ఇంకో తంటా. హువాంగ్‌లియన్ చేదును ఏ పిండితో అనుకరిస్తారు? రంగు కలిపి, చేదు కలిపి, కొన్నిచోట్ల అసలు మందునే ఏ ఐదు శాతమో పదిశాతమో కలిపి పొడి చేస్తారు. రోగి పొట్లం చింపి వేడినీళ్లలో కలుపుకుంటాడు. అది మందో కాదో అతనికీ తెలియదు, ఇచ్చిన డాక్టరుకూ తెలియదు.

ఇప్పుడు చైనాలో డిస్పెప్సియా, ఐబీఎస్ రెండూ కలిసి ఉన్నవారినే ఎంచుకుని పరీక్షలు మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ ఇలాంటివాళ్లను లెక్క చెడుతుందని పక్కన పెట్టేవారు. రోగి డైరీలో తిన్నాక బరువుకు ఒక గడి, వికారానికి ఒకటి, విరేచనాలకు మరొకటి ఉంటాయి. బరువు తగ్గి, పేగుల బాధ అలాగే ఉంటే మందు గెలిచినట్టా, ఓడినట్టా? ఏ గడిని చూసి తీర్పు చెప్పాలో మొదటి పొట్లం చింపకముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.