చెరసాలలో చదువు: నర్సీపట్నం ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

కారాగార విద్యాచరిత్ర సాధారణంగా కేంద్ర కారాగారాల చరిత్రగానే చెప్పబడుతున్నది. నర్సీపట్నం వంటి సబ్‌జైలు ఊరి నుండి చూసినప్పుడు దాని రూపం మారుతుంది.

వలసపాలకులకు జైలు ప్రధానంగా భయస్థానం. మెకాలే సభ్యుడుగా ఉన్న సంఘం 1838లో సమర్పించిన నివేదిక, విద్య ద్వారా ఖైదీని సంస్కరించాలనే ఆలోచనను తోసిపుచ్చి, విసుగు పుట్టించే శ్రమనే కోరింది. సంస్కరణ కూడా జైలు లక్ష్యమేనని 1919-20 నాటి జైళ్ల సంఘం అంగీకరించింది. ఆ వెంటనే, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాలపై దాడి చేసింది. పట్టుబడిన గాము మల్లుదొరకు దక్కినది అండమాను ప్రవాసం. 1952లో విశాఖపట్నం ఓటర్లు ఆయననే లోక్‌సభకు పంపారు. 1908లో రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తరువాతి కాలంలో గ్రంథాలయోద్యమానికీ వయోజనవిద్యకూ అంకితమైనారు. అయితే ఆ కృషి జైలు గోడల లోపలికి చేరడానికి దశాబ్దాలు పట్టింది.

మలుపు న్యాయస్థానాల్లో మొదలైంది. ఉద్యోగాల పేరుతో మోసగించిన ఒక ఆంధ్ర యువకుని కేసులో, 1977లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్షాకాలాన్ని పద్ధెనిమిది నెలలకు తగ్గించి, అతని చదువుకు తగిన పనినీ, దానికి వేతనాన్నీ ఇవ్వమన్నారు. 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం రోజువారీ తరగతి హాజరు లేకుండానే పట్టా పొందే మార్గాన్ని తెరిచింది. కేంద్ర కారాగారాల్లో అధ్యయన కేంద్రాలు వెలిశాయి. నేత, వడ్రంగం, కమ్మరం పనులు అంతకుముందే ఉన్నాయి.

కాని ఈ ఏర్పాటంతా దీర్ఘశిక్ష పడినవానిని ఉద్దేశించినది. పట్టాకు మూడేళ్లు కావాలి; సబ్‌జైలులో ఉండేవాడు ప్రధానంగా రిమాండు ఖైదీ. అతనికి పని విధి కాదు కనుక కర్మాగారం వైపు పిలుపూ తక్కువే. నేడు నర్సీపట్నం పరిసరాల మన్యంలో గంజాయి మోస్తూ పట్టుబడే గిరిజన యువకుల స్థితి మరీ విచిత్రం. ఇరవై కిలోలు దాటితే బెయిలు దుర్లభం, కనీస శిక్ష పదేళ్లు. మాదకద్రవ్యాల చట్టం 32ఏ సెక్షన్ శిక్ష తగ్గింపునూ నిషేధించింది. అంటే చదివినందుకు ఒక్కరోజైనా కలిసిరాదు. చట్టం ఎవరిని ఎక్కువ కాలం నిర్బంధిస్తున్నదో, వారికే చదువు ఆలస్యంగా అందుతున్నది. నేరం రుజువై కేంద్ర కారాగారంలో స్థిరపడినవానికి పుస్తకం దొరకవచ్చు, ఏళ్ల తరబడి విచారణలో ఉండి నిర్దోషిగా విడుదలైనవాడు మాత్రం ఏ ధ్రువపత్రమూ లేకుండానే కొండెక్కుతాడు.