హైస్కూలు పిల్లలకు కౌన్సెలర్: బడిని ఏం అడగవచ్చు

పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పడంతో కౌన్సెలర్ పని అయిపోదు. పరీక్షల భయం, నిద్ర పట్టకపోవడం, తోటివాళ్ల వేధింపు, ఇంట్లో గొడవలు కూడా ఆ గదిలో చెప్పుకోవాల్సినవే.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌గానీ, సైకాలజిస్టుగానీ, సోషల్ వర్కర్‌గానీ కనీసం ఒకరు ఉండాలి. అంతకన్నా చిన్న బడి అయితే బయటి నిపుణుల దగ్గరకు పంపే ఏర్పాటు ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి. చట్టం వచ్చేవరకూ ఇవి అమల్లో ఉంటాయి.

కౌన్సెలర్ ఉన్నంత మాత్రాన పిల్లలు వెళ్తారని కాదు. గది హెడ్మాస్టరు గది పక్కనే ఉంటే, క్లాసు టీచరు అనుమతి కావాలంటే ఎవరు వెళ్తారు? చీటీ వేసే పెట్టె, వారంలో ఫలానా వేళలు, వేరుగా ఒక గది ఉండాలని తల్లిదండ్రుల సమావేశంలో అడగండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. హొసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ పిల్లలకు బాగానే వస్తాయి. పెద్దవాళ్లను పిలిపించినప్పుడే ఇబ్బంది: అమ్మకూ కౌన్సెలర్‌కూ మధ్య పిల్లే దుబాసీ అవుతుంది. తన బాధను తనే అనువదించాల్సి వస్తే సగం మింగేస్తుంది. పిల్లకు ఇష్టమైతే తెలుగు తెలిసిన టీచరును కూర్చోబెట్టమని అడగాలని మేమంటాం. ఆ టీచరు మన వీధివారే అయితే వద్దనవచ్చు, ఆ మాటా వినాలి. యానాంలో భాషతో పేచీ లేదు, అందరికీ అందరూ తెలియడమే పేచీ.

పిల్లలు చెప్పింది కౌన్సెలర్ బయటపెట్టకూడదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంటికి చెప్పక తప్పదు. ఈ సంగతి మొదటిరోజే పిల్లలకు తెలియాలి.

బడిలో ఎవరూ లేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది. ఏ రాష్ట్రం నుంచి చేసినా భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా 1098కి చేయాలి.