ఎన్‌ఎంఎంఎస్: ఎనిమిదిలో పరీక్ష రాస్తే ఇంటర్ దాకా ఏటా రూ.12 వేలు.. పాసైనా డబ్బు ఎందుకు ఆగుతుంది?

మీ ఇంట్లో పనిచేసే ఆమె కూతురో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకో సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నారా? అయితే ఒక్క మాట అడగండి: ‘ఎన్‌ఎంఎంఎస్‌కు దరఖాస్తు చేశారా?’

విద్యాహక్కు చట్టం హామీ ఇచ్చే ఉచిత విద్య ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాత పేద పిల్లలు చదువు మానేయకుండా చూసేందుకు కేంద్రం 2008లో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పథకాన్ని తెచ్చింది.

ఎంత ఇస్తారు?

నెలకు రూ.1,000 చొప్పున ఏడాదికి రూ.12,000. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు, నాలుగేళ్లకు రూ.48,000. దేశంలో ఏటా లక్ష మందిని కొత్తగా ఎంపిక చేస్తారు. ఇందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921.

ఎవరు రాయొచ్చు?

* ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతుండాలి.
* ఏడో తరగతిలో 55 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు.
* తల్లిదండ్రుల వార్షికాదాయం రూ.3.5 లక్షలు దాటకూడదు.
* గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు, ప్రైవేటు బడుల పిల్లలకు అవకాశం లేదు.

పరీక్ష ఎలా ఉంటుంది?

రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 మార్కులు, 90 నిమిషాలు. మొదటిది మేధాశక్తి పరీక్ష: సంఖ్యా శ్రేణులు, పోలికలు, కోడింగ్ లాంటివి. రెండోదానిలో ఏడు, ఎనిమిది తరగతుల గణితం, సామాన్య, సాంఘిక శాస్త్రాల ప్రశ్నలు. అర్హతకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం మార్కులు రావాలి. ఎంపిక మెరిట్ ఆధారంగా జరుగుతుంది కాబట్టి ఆ మార్కులతోనే స్కాలర్‌షిప్ ఖాయం కాదు. పాఠాలు వచ్చిన పిల్లలు కూడా మేధాశక్తి పేపర్ దగ్గరే తడబడతారు, ఎందుకంటే అలాంటి ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లో ఉండవు. పాత పేపర్లు సాధన చేయించడమే మార్గం. దరఖాస్తు బడి ప్రధానోపాధ్యాయుల ద్వారానే వెళ్తుంది.

పాసైతే డబ్బు వస్తుందా?

దానంతట అది రాదు. ఎంపికైన విద్యార్థి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. దాన్ని ముందు బడిలో, తర్వాత జిల్లా స్థాయిలో పరిశీలిస్తారు. ఆపైనే డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎక్కువగా చిక్కులొచ్చేది వీటి దగ్గరే:

పేరు: ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు ఖాతాలో ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే పరీక్షకు ముందే సరిచేయించండి.

ఖాతా: విద్యార్థి పేరుతోనే ఉండాలి, ఆధార్‌తో అనుసంధానం కావాలి.

రెన్యువల్: ఏటా గడువులోగా చేయాలి. తొమ్మిది, ఇంటర్ మొదటి ఏడాది ఒకేసారి పాసవ్వాలి. పదిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 55 శాతం మార్కులు తప్పనిసరి.

కాలేజీ: ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చదవాలి. ప్రైవేటు కాలేజీలో చేరితే మిగిలిన రెండేళ్ల రూ.24,000 పోయినట్టే. చేరే ముందే ఈ లెక్క ఇంట్లోవాళ్లకు చెప్పండి.

మీరేం చేయొచ్చు?

పోర్టల్ రిజిస్ట్రేషన్‌కు ఫోను, ఓటీపీ, కాస్త ఓపిక కావాలి. రోజు కూలీ వదులుకుని నెట్ సెంటర్ చుట్టూ తిరగలేని తల్లిదండ్రులకు మీ అరగంట పెద్ద సాయం. అయితే మీ నంబరు ఇవ్వకండి. ఓటీపీలు నాలుగేళ్ల పాటు ఆ నంబరుకే వస్తాయి, కాబట్టి వాళ్లదే ఇవ్వండి. ఆదాయ ధ్రువపత్రం ముందే తీయించండి. రెన్యువల్ తేదీని మాత్రం మీ ఫోన్‌లోనూ రిమైండర్‌గా పెట్టుకోండి.