ఎవరి కథలో ఎవరి మరణం? : సూపర్‌హీరో ధారావాహికలపై అభిమానుల చర్చలో ఒక కథారూఢి చరిత్ర

ప్రవేశిక

బాలనాగమ్మ కథ వినే శ్రోతకు మాయల పకీరు ప్రాణం ఎక్కడో దూరాన ఒక చిలుకలో ఉందని తెలిసినప్పుడు ఆశ్చర్యం కలగదు. అలాంటి చిలుకను అతడు వేరే కథల్లోనూ ఎరుగును. స్టిత్ థాంప్సన్ 1932-36 మధ్య ప్రకటించిన జానపద కథాంశ సూచికలో శరీరానికి వెలుపల దాచిన ప్రాణానికి ఇ710 అనే సంఖ్య ఉంది. చకోరం వెన్నెల తాగుతుందని కవి అన్నప్పుడు కూడా పాఠకుడు రుజువు అడగడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఇటువంటి వాటిని కవిసమయాలుగా చర్చించాడు. మోటిఫ్ అయినా, కవిసమయం అయినా అది పండితుడు పెట్టిన పేరు. ఆ పేరులో వర్గీకరణ ఉంది, నింద లేదు.

అమెరికాలో సూపర్‌హీరో కథల అభిమానులు తమ కథల్లో మళ్లీ మళ్లీ వచ్చే సన్నివేశాలకు పెట్టుకున్న పేర్లు ఇందుకు భిన్నమైనవి. వాటిని వారు 'ట్రోప్' అంటారు. ఈ వ్యాసంలో దానిని 'కథారూఢి' అని వ్యవహరించడం జరిగింది. ఈ పేర్లు పండితులవి కావు, కథను కొని చదివినవారివి. వాటిలో చాలావరకు వర్ణనతో పాటు తీర్పు కూడా ఉంటుంది. తెలుగులో 'అభిమాని' అనగానే కటౌట్లు, పాలాభిషేకాలు గుర్తుకొస్తాయి గనుక ఒక మాట చెప్పుకోవాలి. ఇక్కడ అభిమాని అంటే నిన్న చెప్పిన కథను గుర్తుంచుకొని ఈ రోజు చెప్పే కథను దానితో కొలిచేవాడు, లేదా కొలిచేది. అటువంటివారు పెట్టిన ఒకే ఒక పేరు ఎలా పుట్టిందో, 'యారో' అనే టెలివిజన్ ధారావాహిక విషయంలో అది ఏం చేయగలిగిందో, ఏం చేయలేకపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తరాల కాలం

ఈ చర్చ టెలివిజన్‌తో మొదలు కాలేదు. 1960ల ఆరంభంలో డి.సి. కామిక్స్ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పాఠకుల లేఖలతో పాటు వారి పూర్తి చిరునామాలను కూడా అచ్చువేయసాగాడు. దానితో సంపాదకుడికి రాసేవారు ఒకరికొకరు రాసుకోగలిగారు. 1961లో జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్ సహకారంతో 'ఆల్టర్ ఈగో' అనే అభిమాన పత్రికను ప్రారంభించాడు. 1966 జనవరి 12న ఏ.బి.సి.లో 'బ్యాట్‌మన్' ధారావాహిక మొదలైనప్పుడు ఈ పాఠకులలో చాలామందికి కలిగింది ఆనందం కాదు, ఇబ్బంది. తాము శ్రద్ధగా చదివే కథను టెలివిజన్ వేళాకోళం చేస్తున్నదని వారు భావించారు. వారానికి రెండు రాత్రులు ప్రసారం, మొదటి రాత్రి చివర నాయకుడు మృత్యుయంత్రంలో చిక్కడం, రెండో రాత్రి మొదట్లోనే తప్పించుకోవడం ఆ ధారావాహిక పద్ధతి. రూఢిని దాచకుండా, దానితోనే నవ్వించింది. అక్కడ మరణం ఉత్త బెదిరింపు.

మరణం నిజమైనప్పుడు చర్చ స్వభావం మారింది. 1973లో 'అమేజింగ్ స్పైడర్‌మన్' 121వ సంచికలో నాయకుడి ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోయింది. రచయిత గెర్రీ కాన్వే. వంతెన మీద నుంచి పడుతున్న ఆమెను స్పైడర్‌మన్ తన దారంతో పట్టుకుంటాడు, అయినా ఆమె బతకదు. పడిపోవడం వల్ల చనిపోయిందా, అకస్మాత్తుగా ఆపడం వల్లనా అని పాఠకులు వాదించుకున్నారు. 125వ సంచిక లేఖల పుటలో సంపాదక వర్గం సమాధానం ఇచ్చింది: హఠాత్తుగా ఆగినప్పుడు కలిగిన కుదుపే ఆమె ప్రాణం తీసింది. అప్పటికి మార్వెల్ ప్రధాన సంపాదకుడు రాయ్ థామస్. పన్నెండేళ్ల క్రితం అభిమాన పత్రికకు చేయందించిన వ్యక్తి సంస్థ తరఫున అభిమానులకు జవాబు చెప్పే స్థానంలో ఉండటం ఈ చరిత్రలో మళ్లీ కనిపించే విషయం. అయితే ఇక్కడ గమనించవలసింది వేరొకటి. పాఠకుల ప్రశ్న 'ఎలా చనిపోయింది' అన్నదాని చుట్టూ తిరిగింది. నాయకుడి అపరాధభావం ఎంత, అతని తప్పు ఎంత అన్నదే అసలు విషయం. గ్వెన్ ఆ వాదంలో సాక్ష్యం మాత్రమే.

1988లో డి.సి. సంస్థ ఇంకొక అడుగు వేసి, రెండో రాబిన్ అయిన జేసన్ టాడ్ బతకాలో చావాలో టెలిఫోన్ ద్వారా తేల్చమని పాఠకులనే అడిగింది. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు వచ్చాయి. డెబ్బయిరెండు ఓట్ల తేడాతో ఒక కుర్రవాడు మరణించాడు. పాఠకుడికి అధికారం ఇచ్చినట్లు కనిపించే ఈ ఏర్పాటులో చర్చకు చోటు లేదు. ఫలితం ఒక్కటే వారి చేతిలో ఉంది, ప్రశ్న వారిది కాదు.

జాబితా

ఆ ప్రశ్నను మార్చినది 1994లో వెలువడిన 'గ్రీన్ లాంటర్న్' 54వ సంచికలోని ఒక దృశ్యం. కథానాయకుడు కైల్ రేనర్ ఇంటికి వచ్చేసరికి అతని ప్రియురాలు అలెగ్జాండ్రా డెవిట్‌ను ప్రతినాయకుడు చంపి ఫ్రిజ్‌లో కుక్కి ఉంటాడు. ఆమె ఆ పత్రికలో ప్రవేశించి కొద్ది నెలలే అయింది. అయిదేళ్ల తరువాత, 1999లో, గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఒక జాబితాను ప్రకటించారు. అప్పటికి ఆమె వృత్తి కేశాలంకరణ. సూపర్‌హీరో కామిక్స్‌లో చంపబడిన, అవయవాలు కోల్పోయిన, అత్యాచారానికి గురైన, శక్తులు పోగొట్టుకున్న స్త్రీపాత్రల పేర్లను ఆమె వరుసగా రాశారు. దానికి 'ఫ్రిజ్‌లలో స్త్రీలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరు తరువాత క్రియాపదమైంది. ఒక పాత్రను 'ఫ్రిజ్ చేశారు' అంటే ఇంకొకరి కథను ముందుకు నెట్టడానికి ఆమెను బలిచేశారని అర్థం.

జాబితా అనేది విమర్శకు చాలా నిరాడంబరమైన రూపం. అందులో సిద్ధాంతం లేదు. కానీ విడివిడిగా చదివినప్పుడు ప్రతి మరణానికీ కథలో ఏదో ఒక సమర్థన దొరుకుతుంది. ఒకేచోట చేర్చినప్పుడు సమర్థనలన్నీ ఒకే పోలికగా కనబడతాయి. జాబితా చేసిన పని ఇదే. మగపాత్రలు చనిపోవడం లేదా అన్న ఎదురుప్రశ్న వెంటనే వచ్చింది. దానికి అభిమానుల నుంచే వచ్చిన జవాబు బలమైనది: పురుష వీరులు చనిపోయినా, గాయపడినా, చాలా తరచుగా పూర్వస్థితికి తిరిగి వస్తారు, జాబితాలోని స్త్రీలకు ఆ అవకాశం అంతగా లేదు. ప్రశ్న ఇప్పుడు 'ఎలా చనిపోయింది' కాదు, 'ఎవరి కోసం చనిపోయింది'.

జాబితాలోని ఇద్దరిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒకరు బార్బరా గోర్డన్. 1967 నాటి ఈ బ్యాట్‌గర్ల్ 'బ్యాట్‌మన్' ధారావాహిక నిర్మాత విలియం డోజియర్ కోరిక మీద రూపొందిన పాత్ర. 1988లో అలన్ మూర్ రచించిన 'ది కిల్లింగ్ జోక్'లో జోకర్ ఆమెను కాల్చాడు, నడుము కింది భాగం చచ్చుబడింది. మరుసటి ఏడాది కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ దంపతులు ఆమెను చక్రాల కుర్చీలో కూర్చుని సమాచారమే ఆయుధంగా పోరాడే 'ఒరాకిల్'గా మలిచారు. రెండోవారు బ్లాక్ కానరీ. 1947లో ప్రవేశించిన ఈ వీరనారి మైక్ గ్రెల్ 1987లో రాసిన గ్రీన్ యారో కథలో చిత్రహింసకు గురైంది, ఆ హింసకు ప్రతీకారం గ్రీన్ యారో తీర్చుకున్నాడు. ఈ ఇద్దరు స్త్రీలే నాయికలుగా నడిచిన 'బర్డ్స్ ఆఫ్ ప్రే' పత్రికకు 2003లో రచయిత్రిగా వచ్చినవారు గెయిల్ సిమోన్. లెక్క రాసిన చేతికే కథ రాసే పని దక్కింది.

'యారో'

2012 అక్టోబరు 10న సి.డబ్ల్యు. ఛానల్‌లో మొదలైన 'యారో' ఎనిమిది సీజన్లు, 170 భాగాలు నడిచింది. ఓడ మునిగి అయిదేళ్లు దీవిలోనూ ఇతరత్రా గడిపి తిరిగివచ్చిన ఆలివర్ క్వీన్ కథ ఇది. కామిక్స్‌లో గ్రీన్ యారోకు జోడీ బ్లాక్ కానరీ. అందుచేత లారెల్ లాన్స్ అనే పాత్ర తెరపైకి రాగానే, ఆమె ఒకనాటికి బ్లాక్ కానరీ అవుతుందని చదువరులైన ప్రేక్షకులు ఎదురుచూశారు. దానితో పాటు చేతిలో సిద్ధంగా ఉన్న ఒక పదంతోనూ వారు కూర్చున్నారు.

ఆ పదానికి త్వరలోనే పని పడింది. రెండో సీజన్‌లో దీవి మీద ఐవో అనేవాడు సారా, షాడో అనే ఇద్దరు స్త్రీలను మోకాళ్లపై కూర్చోబెట్టి, ఎవరు బతకాలో ఎంచుకోమని ఆలివర్‌ను బలవంతపెడతాడు. సారాకు అడ్డం పడినందుకు షాడోను కాల్చేస్తాడు. ఆమెను ప్రేమించిన స్లేడ్ విల్సన్ పగ ఆ సీజన్ మొత్తానికి ఇంధనం. 2014 ఏప్రిల్‌లో స్లేడ్ అదే దృశ్యాన్ని పునరావృతం చేస్తాడు. ఈసారి మోకాళ్లపై ఉన్నది ఆలివర్ తల్లి మోయిరా, చెల్లెలు థియా. ఇక్కడ మోయిరా లేచి నిలబడి, తానే మరణాన్ని ఎంచుకుంటుంది. రెండు దృశ్యాలూ ఒక్క అచ్చులోనివే అయినా రెండోది మెరుగైనది. షాడోకు అక్కడ మాట దక్కలేదు, మోయిరాకు నిర్ణయం దక్కింది. పదాన్ని యాంత్రికంగా వాడితే ఈ తేడా కనబడదు.

మొదటి సీజన్ చివర ఆలివర్ మిత్రుడు టామీ మరణం మరో చిక్కు తెచ్చింది. ఆ మరణం వల్లనే ఆలివర్ ఇక చంపనని నిశ్చయించుకుంటాడు. మరి టామీ కూడా ఫ్రిజ్‌లోని వాడేనా? విధిని బట్టి చూస్తే అవుననే చెప్పాలి. మూడో సీజన్ మొదటి భాగంలో, 2014 అక్టోబరు 8న, సారా బాణాలు తగిలి చనిపోయింది. ఆ మరణం ముందుకు నడిపింది ముఖ్యంగా ఆమె అక్క లారెల్ కథను. చెల్లి విడిచిన వేషాన్ని ధరించి లారెల్ బ్లాక్ కానరీ అయింది. ఒక స్త్రీ మరణం మరొక స్త్రీ కథకు పునాది అయితే దాన్ని ఏమనాలి? స్త్రీ, పురుష సంఖ్యలతో తేలని ప్రశ్న ఇది. కథలో కేంద్రం ఎవరిదో చూడవలసిందే.

నాలుగో సీజన్ ఈ వివాదానికి పరాకాష్ఠ. 2015 అక్టోబరు 7న ప్రసారమైన మొదటి భాగం చివర, ఆరు నెలల తరువాతి కాలంగా, ఆలివర్ ఒక సమాధి ముందు నిలబడి కనిపిస్తాడు. సమాధి ఎవరిదో చూపరు. ప్రేక్షకులు నెలల తరబడి ఊహించారు, ఆధారాలు పోగుచేశారు, ఒక్కొక్క పాత్రను కొట్టివేస్తూ వచ్చారు. ఆ దృశ్యం చిత్రీకరించేనాటికి సమాధిలో ఎవరుండాలో తామే నిర్ణయించుకోలేదని నిర్మాతలు తరువాత చెప్పారు. 2016 ఏప్రిల్ 6న తెలిసింది: లారెల్. డేమియన్ డార్క్ ఆమెను బాణంతో పొడిచాడు. ఆసుపత్రి మంచం మీద ఆమె ఆలివర్‌తో, అతని జీవితంలో ముఖ్యమైన ప్రేమ తాను కాకపోయినా, తనకు మాత్రం అతడే అని చెబుతుంది.

అభిమానులు చీలిపోయారు. ఆలివర్‌కు ఫెలిసిటీ స్మోక్ జోడీగా ఉండాలని కోరుకున్నవారికీ, లారెల్ ఉండాలన్నవారికీ మధ్య పాత వైరం ఉంది. ఆ వైరంలో 'ఫ్రిజ్' అన్న పదం కొన్నిసార్లు కేవలం కర్రగా మారింది. తమకు ఇష్టమైన పాత్ర పోతే ఫ్రిజ్, ఇష్టంలేనిది పోతే కథావసరం. ఇది ఆ పదానికి పట్టిన తుప్పు. అయితే తుప్పు కింద ఇనుము ఉంది. సమాధిని ముందు తవ్వి, మనిషిని తరువాత వెదికారన్నది నిర్మాతలు స్వయంగా చెప్పిన విషయమే. మరణం పాత్ర నుంచి పుట్టలేదు, ఖాళీ నుంచి పుట్టింది. న్యాయవాదిగా, కూతురిగా, అక్కగా, వీరనారిగా నాలుగేళ్లు ఎదిగిన స్త్రీ తన చివరి సంభాషణలో మరొకరి ప్రేమకథకు అనుబంధమైపోవడం దాని పర్యవసానం. ఈ అభ్యంతరాన్ని జోడీల గొడవగా తీసిపారేయడం సరికాదు.

కుర్చీ

అదే సీజన్‌లో ఇంకొక పోగు ఉంది. 2015 డిసెంబరులో ఫెలిసిటీకి తూటా తగిలి నడుము కింది భాగం చచ్చుబడుతుంది. కంప్యూటర్ నిపుణురాలు, చక్రాల కుర్చీ: ప్రేక్షకులకు ఒరాకిల్ గుర్తురాకుండా ఉండదు. రచయితలకూ అది తెలుసు. ఆమెకు రహస్యనామం వెదుకుతూ, ఒరాకిల్ అన్న పేరు ఇదివరకే ఎవరో తీసుకున్నారని ఆలివర్ చేత అనిపించారు. కథ తన చదువరులను చూసి కన్నుగీటిన క్షణమిది. కానీ కొన్ని వారాలకే, 2016 ఫిబ్రవరిలో, వెన్నులో అమర్చిన చిప్ సాయంతో ఫెలిసిటీ లేచి నడిచింది. ఆ నడక మొదలయ్యేది ఆలివర్‌తో బంధం తెంచుకుని గదిలోంచి బయటకు వెళ్లే ఘట్టంలో. దృశ్యంగా శక్తిమంతమైనదే. వైకల్యం మాత్రం అక్కడ జీవితం కాదు, ఒక మలుపు.

ఈ విషయంలో ఎవరూ పూర్తిగా పరిశుద్ధులు కారు. 2011లో డి.సి. సంస్థ తన పత్రికలన్నింటినీ కొత్తగా ప్రారంభించినప్పుడు, బార్బరా గోర్డన్‌ను కుర్చీ నుంచి లేపి మళ్లీ బ్యాట్‌గర్ల్‌ను చేసింది. ఆ పత్రిక రాసినవారు గెయిల్ సిమోనే. బార్బరాకు జరిగిన అన్యాయం సరిదిద్దబడిందని కొందరు సంతోషించారు. ఒరాకిల్‌లో తమను చూసుకున్న వికలాంగ పాఠకులు తమ వీరనారిని పోగొట్టుకున్నామన్నారు. హింస తాలూకు గుర్తును తుడిచివేయడంలో, ఆ హింస తరువాత ఆమె నిర్మించుకున్న జీవితం కూడా తుడిచిపెట్టుకుపోయింది. 'ఎవరి కోసం చనిపోయింది' అన్న ప్రశ్నకు జత ప్రశ్న ఇదే: ఎవరి కోసం కోలుకుంది? జాబితాలో ఈ గడి లేదు.

తిరిగివచ్చినవారు

మరణించిన సారా 2015లో పునర్జీవితురాలై, 2016లో మొదలైన 'లెజెండ్స్ ఆఫ్ టుమారో'కు వెళ్లింది. అక్కడ నౌకకు కెప్టెన్ అయి, ఏడు సీజన్ల ఆ ధారావాహికకు కేంద్రంగా నిలిచింది. ఒకప్పుడు మరొకరి వేషానికి కారణం కావడానికి చంపబడిన పాత్రకు ఇంత దీర్ఘమైన సొంత కథ దొరకడం అరుదు. లారెల్ విషయం వేరు. ఆమె మరణించిన నెలన్నర లోపే నటి కేటీ క్యాసిడీ 'ది ఫ్లాష్'లో మరో భూమికి చెందిన లారెల్‌గా, బ్లాక్ సైరెన్ అనే ప్రతినాయికగా కనిపించింది. క్రమంగా ఆ రెండో లారెల్ 'యారో'లో ప్రధాన పాత్ర అయి, మంచివైపు మళ్లింది. ముఖం తిరిగి వచ్చింది, మనిషి రాలేదు. ఇది పరిహారమా, ప్రత్యామ్నాయమా అన్న వాదన ధారావాహిక ముగిసేవరకు సాగింది.

2020 జనవరి 28న ప్రసారమైన చివరి భాగం నాటికి, ఆలివర్ ప్రాణత్యాగంతో విశ్వం తిరిగి రూపుదిద్దుకొని ఉంటుంది. ఆ కొత్త ప్రపంచంలో అతని తల్లి మోయిరా బతికి ఉంటుంది. మిత్రుడు టామీ బతికి ఉంటాడు. లారెల్ తండ్రి క్వెంటిన్ బతికి ఉంటాడు. అంత్యక్రియలకు వచ్చినవారిలో నిలబడి ఉన్నది రెండో లారెలే. మొదటి లారెల్ లేదు. షాడో కూడా కనిపించదు.